గీత దించితే మురుగు తగ్గుతుందా?

తాల్‌బగీచాలో చేపల బేరం వినండి. మంచు పెట్టెలోంచి తీసిన రుయిని చూసి బెంగాలీ గృహిణి ‘చాలానీ’ అని పెదవి విరుస్తుంది. దూరాన్నుంచి లారీలో దిగిన సరుకని అర్థం. రుయి అంటే మన శీలావతి, కాత్లా అంటే మన బొచ్చె. రైల్వే కొలువులకై తరాల క్రితం ఖరగ్‌పూర్ చేరిన తెలుగువారు పెదవి విరవరు. కొల్లేటి వైపు చేప అని మురిసిపోతారు. ఆ మురిపెం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ చేప పెరిగిన నీటి గురించే.

పాతికేళ్లుగా కొల్లేరు రాజకీయమంతా ఒక గీత చుట్టూ తిరుగుతోంది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లు తెంచిన ప్రభుత్వ హయాంలోనే, 2008లో, మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు వద్దన్నది. అయినా ప్రతి ఎన్నికకూ ఆ గీత మళ్లీ మొలుస్తుంది. గీత లోపల జిరాయితీ భూములున్న రైతు పరిహారం అడగడం న్యాయమే. ఆ రైతును ముందు నిలబెట్టి వెనక లీజుదారులు లాభపడటమే అన్యాయం. 1970లలో పేద జాలరుల సహకార సంఘాలకిచ్చిన చెరువులు చివరికి ఎవరి చేతుల్లోకి పోయాయో లంక గ్రామాల్లో పసిపిల్లలూ చెబుతారు.

ఈ గొడవలో నీటి ఊసే లేదు. విజయవాడ మురుగును బుడమేరు, ఏలూరు మురుగును తమ్మిలేరు మోసుకొస్తాయి. పొలాల ఎరువులూ, పురుగుమందులూ, చెరువుల్లో మిగిలిన మేతా వాటికి తోడు. ఆ పోషకాలు తిని గుర్రపుడెక్క బలుస్తుంది. కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును మింగేస్తుంది. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. గట్లూ, పూడికా ప్రవాహాన్ని నీరసింపజేస్తే పోటు వేళ సముద్రపు ఉప్పు ఎదురెక్కి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నాయకులందరికీ కొల్లేరు గుర్తొచ్చింది. వరద దిగగానే మరచిపోయారు.

కాలుష్య నియంత్రణ చట్టం 1974 నాటిది. పట్టణాల మురుగును శుద్ధి చేయకుండా వాగుల్లోకి వదలడం దాని ప్రకారం నిషిద్ధం. మూడో కాంటూరు కోసం తీర్మానం చేసిన సభ, ఏ వాగులో ఏ నెల ఎంత మురుగు దిగిందో చెప్పమని ఏ మంత్రినైనా నిలదీసిందా? సరస్సు నడుమ కాపురముండి తాగునీటిని డబ్బాల్లో కొనుక్కునే లంకల వాళ్లకు జవాబు చెప్పాల్సింది ఆ మంత్రే.