తప్పు పాస్‌వర్డ్‌ది కాదు

గీజర్‌కు పెట్టిన స్మార్ట్ ప్లగ్ మినుకుమినుకుమంటూనే ఉంటుంది. ఫోన్‌లోని యాప్ పాస్‌వర్డ్ సరిచూసుకోమంటుంది. సరైన పాస్‌వర్డే నాలుగోసారి కొట్టాక ఇంటాయనకు ముందు తన మీదే అనుమానం వస్తుంది, తర్వాత ప్లగ్ మీద. చివరికి అది అట్టపెట్టెలోకెక్కి దుకాణానికి తిరుగుముఖం పడుతుంది. చాలాసార్లు అందులో ఏ లోపమూ ఉండదు.

ఇప్పుడు ఇళ్లలో కనిపించే రూటర్లలో ఎక్కువ భాగం 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద పనిచేస్తాయి. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, చౌక కెమెరాల్లో చాలావాటికి మొదటిదే తెలుసు. కారణం ధర. షాంఘై కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ 8266 వంటి చిప్పులే ఈ సరుకును మధ్యతరగతి ఇంటికి చేర్చాయి. అది 2.4 మీద మాత్రమే పనిచేస్తుంది. అలాగని దాన్ని నాసిరకమని తీసిపారేయనక్కర్లేదు. బల్బును వెలగమని చెప్పడానికి సినిమా చూసేంత వేగం అవసరం లేదు. పైగా 2.4 తరంగం గోడలు దాటి ఎక్కువ దూరం వెళ్తుంది. బాత్‌రూమ్‌లోని గీజర్‌కు కావలసిందీ అదే.

చిక్కంతా మొదటిసారి కలిపేటప్పుడే. రూటర్ రెండు బ్యాండ్లనూ ఒకే పేరు కింద చూపిస్తుంది. దగ్గర్లో ఉన్న ఫోన్ తనంతట తాను 5కు ఎక్కేస్తుంది. కొన్ని పరికరాల్లో నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్‌లను ఫోన్ గాలిలోకి సంకేతాలుగా పంపితే ప్లగ్ పొంచి విని పట్టుకోవాలి. ఫోన్ 5లో మాట్లాడుతుంటే 2.4 చెవులున్న ప్లగ్‌కు ఏం వినిపిస్తుంది? రూటర్‌ను డబ్ల్యూపీఏ3 భద్రతకే పరిమితం చేసినా పాత పరికరాలు కలవవు. యాప్ మాత్రం అన్ని జబ్బులకూ పాస్‌వర్డ్ అనే ఒకే మందు రాస్తుంది.

విరుగుడు తేలిక. రూటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4కు మార్చి పరికరాన్ని కలపాలి. లేదంటే ఆ కాసేపు 5ను ఆపేసినా చాలు. పని పూర్తయ్యాక ఫోన్ మళ్లీ 5కు వెళ్లిపోవచ్చు. రెండూ ఒకే ఇంటి నెట్‌వర్క్ కాబట్టి ప్లగ్ మాట వింటూనే ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఇచ్చే కొన్ని రూటర్లలో ఈ సదుపాయం వాడకందారుకు కనిపించదు, అది వేరే తలనొప్పి. ఇక పరికరాల పెట్టెల మీద ‘2.4 మాత్రమే’ అన్న ముక్క భూతద్దానికి కూడా ఓ పట్టాన చిక్కదు. ఫ్రిజ్‌లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేసిన ప్రభుత్వం దీన్ని పెద్దక్షరాల్లో వేయించలేదా?

2.4 బ్యాండ్‌కు భారత్‌లో 2005 జనవరిలో లైసెన్సు బాదరబందీ తప్పింది. కానీ అది ఇరుకు సందు. ఉన్నది 83.5 మెగాహెర్ట్జే. ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల చానెళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్లో ఇరుగుపొరుగు రూటర్లన్నీ అక్కడే తోసుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ పక్కనే. 2018 అక్టోబరులో 5 బ్యాండ్‌ను 605 మెగాహెర్ట్జ్‌కు విస్తరించారు. టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్లను అక్కడికి పంపి, సందును ప్లగ్గులకు వదిలేయడం మేలు.

ఇదంతా గీజర్ దగ్గరే ఆగితే పెద్ద గొడవ కాదు. గుంటూరులో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల కోసం డాలస్‌లోని కొడుకు సెలవుల్లో వచ్చి కెమెరా బిగించి వెళ్తాడు. కొన్నాళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కుర్రాడు వచ్చి రూటర్ మారుస్తాడు. కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. కెమెరా మూగబోతుంది. అర్ధరాత్రి అక్కడ కొడుకుకు నిద్ర పట్టదు, ఇక్కడ పెద్దాయనకు ఏ మీట నొక్కాలో తెలియదు. కొత్త రూటర్‌కు కూడా పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టి, 2.4ను నడవనిస్తే, మునుపటి భద్రతా పద్ధతినే ఉంచితే, సాధారణంగా పరికరాలన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి. ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించి ఉంచితే, రూటర్ మార్చే కుర్రాడికి అమ్మ చదివి వినిపించగలదు.