ఉపసర్గ నెరిగినవానికి ఆంగ్లక్రియ కొత్తదా?

‘గివ్’ అనగా ఇచ్చుట అని నేర్చిన మన ప్రాచ్యకళాశాలల విద్యార్థులు, ‘గివ్ అప్’ అనగా విడిచిపెట్టుట, ‘గివ్ ఇన్’ అనగా లొంగుట అని వినగానే బెదరుచున్నారు. ఒక్క ‘హృ’ ధాతువునుండి ఆహార, విహార, సంహార, పరిహారములు పుట్టుట నెరిగినవారికి ఈ బెదురేల?

ఉపసర్గలకు విడిగా అర్థము లేదని శాకటాయనుడును, కలదని గార్గ్యుడును తలచినట్లు యాస్కుడు నిరుక్తమున తెలిపెను. ‘అప్’, ‘ఇన్’ల విషయమునను ఆ చర్చయే చేయదగును. ఉపసర్గ ధాతువునకు ముందుండవలెనన్న పాణిని, వేదమున అది తరువాతను, ఎడముగను ఉండవచ్చుననెను. ‘గివ్ ఇట్ అప్’ అనునపుడు నడుమ సర్వనామము చేరుట అట్టిదే. అయితే పోలిక వేరు, అభేదము వేరు. వేదమున వికల్పమైనది ఇట్టి ఆంగ్లప్రయోగమున నియతము.

నేనును ఒకనాడు ‘పుట్ అప్ విత్’ అనుదానిని పదపదముగా విడదీసి, సహించుట అను అర్థమందక నవ్వులపాలైతిని. రూఢ్యర్థము వాక్యముననే తెలియును. కావున పట్టికలు వల్లెవేయించుట మాని, ఒక్కొక్క క్రియను వాక్యములలో చూపుచు బోధింపవలెను. అందులకు వ్యాకరణాధ్యాపకుడు ఆంగ్లాధ్యాపకునికి తోడు నిలువవలెనని నా మనవి.