వైర్‌లెస్ సెట్టును శ్రుతి చెయ్యటం ఎలా?



మన ఇంట్లో రేడియో పాటలు పాడుతుంది, వార్తలు చెబుతుంది. కాని మనం దానితో ఎంత గట్టిగా మాట్లాడినా దానికి వినిపించదు. పోలీసుల దగ్గరా, నల్లమల అడవిని కాచే ఉద్యోగుల దగ్గరా ఉండే వైర్‌లెస్ సెట్టు అలాటిది కాదు. అది చెబుతుంది, వింటుంది కూడా. దానికి తీగ అక్కరలేదు, స్తంభం అక్కరలేదు. తుపాను వచ్చి సెల్‌ఫోను టవర్లన్నీ మూగబోయినా, బ్యాటరీ ఒక్కటి ఉంటే చాలు, అది పలుకుతుంది.

అయితే వీణ ఇంట్లో ఉన్నంత మాత్రాన పాట పలుకుతుందా? తీగలు సవరించి శ్రుతి చెయ్యాలి గదా! వైర్‌లెస్ సెట్టు కూడా అంతే. దాని మీద ఉండే మరలూ, బొత్తాలూ దేనికో ఈ నెల తెలుసుకుందాం.

బాండు అంటే ఏమిటి?

చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి. ఒక అల శిఖరం నుంచి తరవాతి అల శిఖరం దాకా ఉన్న దూరమే అల పొడవు. రేడియో అలలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. సెకనులో పది లక్షల అలలు పుడితే దాన్ని ఒక మెగాహెర్ట్‌జ్ అంటారు. అల పొడవు తెలుసుకోవటానికి లెక్క చాలా సులువు: 300ని మెగాహెర్ట్‌జ్ అంకెతో భాగిస్తే మీటర్లు వస్తాయి.

పాత రేడియోలో విజయవాడ కేంద్రం పెట్టుకుని విన్న మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, 837 కిలోహెర్ట్‌జ్ అన్న అంకె గుర్తుండవచ్చు. అంటే 0.837 మెగాహెర్ట్‌జ్. భాగించి చూడండి, సుమారు 358 మీటర్లు వస్తుంది. అలాగే 7 మెగాహెర్ట్‌జ్ అల పొడవు సుమారు 43 మీటర్లు. దాని చుట్టుపక్కల ఉన్న గుంపును 40 మీటర్ల బాండు అంటారు. 145 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఉన్నది 2 మీటర్ల బాండు.

ఏ బాండు ఎంత దూరం?

దర్శిలో ఒకరు, దొనకొండలో ఒకరు చేతి సెట్లు పట్టుకుని నిలబడ్డారనుకోండి. మధ్య దూరం ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 2 మీటర్ల అలలు దాదాపు వెలుగులాగే తిన్నగా పోతాయి. భూమి గుండ్రన గనక, నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య మాట పది కిలోమీటర్లు దాటటం కష్టం. సెట్టు పవరు రెట్టింపు చేసినా పెద్ద ప్రయోజనం లేదు, అడ్డం వచ్చేది భూమే కాబట్టి! ఒకరి ఏరియల్‌ను 25 మీటర్ల ఎత్తున కడితే మాత్రం మాట సుమారు 25 కిలోమీటర్లు పోగలదు. అంటే దొనకొండ అందుతుందన్నమాట.

మరి హైదరాబాదు? దర్శి నుంచి తిన్నగా కొలిస్తే సుమారు 220 కిలోమీటర్లు. దానికి పగటిపూట 40 మీటర్ల బాండు మంచిది. ఆ అలలు పైకి పోయి, ఆకాశంలో విద్యుత్కణాలతో నిండిన అయనోస్ఫియర్ అనే పొరను తాకి, తిరిగి నేలకు వంగుతాయి. మధ్యలో కొండలున్నా అడ్డం రావు. 20 మీటర్ల బాండు పగలు వేల కిలోమీటర్లు పోతుంది గాని, దగ్గరి ఊళ్లను దాటేసి దూరాన దిగుతుంది. కనుక ఎవరితో మాట్లాడాలో, అది పగలో రాత్రో చూసుకుని బాండు ఎంచుకోవాలి.

వరసగా ఏం చెయ్యాలి?

మొదటిది ఏరియల్. అది తగిలించకుండా మాట్లాడే బొత్తాం నొక్కకూడదు. బయటికి పోవలసిన శక్తి దారి లేక వెనక్కు తిరిగి, సెట్టు లోపలి ట్రాన్సిస్టరును కాల్చెయ్యవచ్చు. ఏరియల్ పొడవు కూడా బాండుకు తగినట్టు ఉండాలి. 40 మీటర్ల బాండుకు సగం అల, అంటే సుమారు 20 మీటర్ల తీగ కడతారు. 2 మీటర్ల బాండుకు పావు అల, అంటే అర మీటరు కడ్డీ చాలు.

రెండవది స్క్వెల్చ్ అనే మర. ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడును ఇది ఆపుతుంది. బుస ఆగే దాకా తిప్పి, అక్కడే వదిలెయ్యాలి. హాయిగా ఉందని ఇంకా తిప్పితే, దూరాన ఎవరో నీరసంగా "కాపాడండి" అన్నా ఆ మాట కూడా ఆగిపోతుంది!

మూడవది బాండు, ఆ తరవాత అంకె. ముందు బాండు మీట పెట్టి, తరవాత పెద్ద మర నెమ్మదిగా తిప్పాలి.

నాలుగవది మాట తీరు, అంటే మోడు. 2 మీటర్ల మీద ఎక్కువగా ఎఫ్.ఎం. వాడతారు. దూరపు బాండ్ల మీద సైడ్‌బాండు వాడతారు. 10 మెగాహెర్ట్‌జ్‌కు కిందయితే లోయరు, పైనయితే అప్పరు అనేది వాడుక. తప్పుగా పెడితే అవతలివారి మాట బాతు కూతలా వినిపిస్తుంది.

అయిదవది పవరు. తక్కువతో మొదలుపెట్టి, అవసరమయితేనే పెంచాలి.

ఆరవది మాట్లాడే బొత్తాం. నొక్కితే మన మాట పోతుంది, వదిలితే అవతలి మాట వస్తుంది. ముందు కాసేపు విని, ఎవరూ లేరని తెలిశాకే నొక్కాలి. మాట ముగియగానే వదలాలి. ఒక్కరు మరచిపోయి నొక్కిపట్టి ఉంచితే ఆ దారిలో ఇంకెవరి మాటా సాగదు.

ఇదంతా దేనికి?

హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ 1983లో వెలసింది. సరదా కోసం, సేవ కోసం వైర్‌లెస్ నడిపేవారిని హాములు అంటారు. ఆ సంస్థ బృందం ఒకటి 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్లింది. నాయకురాలు భారతీ ప్రసాద్. అక్కడ ఆమె సెట్టు పిలుపు పేరు వీయూ4ఆర్‌బీఐ. అరుదుగా వినిపించే ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హాములతో మాట్లాడటమే వారి పని.

డిసెంబరు 26 ఉదయం ఆరున్నర వేళ భూమి కంపించింది. వెనకనే సునామీ వచ్చింది. ఆ సునామీ మన ప్రకాశం జిల్లా తీరాన్ని కూడా తాకింది. దీవులలో టెలిఫోన్లు తెగిపోయాయి. అప్పుడు భారతీ ప్రసాద్ తన సెట్టును సహాయానికి మళ్లించి, దీవుల క్షేమసమాచారాలు బయటికి పంపారు. ఆ బృందంవారు కార్ నికోబార్‌లో కూడా ఒక కేంద్రం పెట్టారు. తమవారు బతికి ఉన్నారో లేదో తెలియక తల్లడిల్లే ఇళ్లకు ఆ కబుర్లు చేరాయి. సరదాకు నేర్చిన విద్య ప్రాణాలకు అక్కరకు వచ్చింది!

ఒక హెచ్చరిక: హాము బాండ్ల మీద మాట్లాడాలంటే ప్రభుత్వ పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందాలి. 12 ఏళ్లు నిండినవారు ఆ పరీక్ష రాయవచ్చు. పోలీసులూ, విమానాలూ వాడే అంకెల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

ఈ నెల లెక్క: ఒక సెట్టు మీద 21.2 మెగాహెర్ట్‌జ్ అని ఉన్నది. దాని అల పొడవు ఎంత? సగం అల ఏరియల్ కట్టాలంటే ఎన్ని మీటర్ల తీగ కావాలి? మీ అమ్మానాన్నలకు కూడా ఈ లెక్క ఇచ్చి, ఎవరు ముందు చేస్తారో చూడండి. జవాబు వచ్చే నెల!