ఆవిరికి తొమ్మిది రోజులు, కార్బన్‌కు వెయ్యేళ్లు

భూమిని అన్నిటికంటే ఎక్కువగా వెచ్చబెట్టేది నీటి ఆవిరే కదా, కార్బన్ డయాక్సైడ్ మీద పడతారెందుకు? వాతావరణ మార్పుపై చర్చ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. మొదటి సగం నిజమే. భూమి వదిలే వేడిని పట్టి ఉంచడంలో సగం దాకా వాటా ఆవిరిదే. పేచీ అంతా అది గాలిలో ఎన్నాళ్లు ఉంటుందన్న దగ్గరే.

లెక్క తేలికైనదే. గాలిలోని ఆవిరంతా ఒక్కసారిగా కురిసి భూగోళమంతా సమంగా పరుచుకుంటే సుమారు 25 మిల్లీమీటర్లు. ప్రపంచ సగటు వార్షిక వర్షపాతం దాదాపు 1,000 మిల్లీమీటర్లు. అంటే ఆ నిల్వ ఏడాదికి నలభైసార్లు ఖాళీ అయి నిండుతోంది. ఒక్కో విడత మకాం తొమ్మిది రోజులే. ఎక్కువైనది వానగా దిగిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే మాత్రం మరో 7 శాతం ఆవిరిని మోయగలదు. ఆవిరి వేడిని ఎగదోస్తుందే తప్ప తానుగా మొదలుపెట్టదు.

దీనికో మినహాయింపు ఉంది. 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి, దాదాపు 14.6 కోట్ల టన్నుల నీటిని స్ట్రాటోస్ఫియర్‌లోకి చిమ్మింది. అక్కడున్న ఆవిరిలో అది పదో వంతు. అంత ఎత్తున వాన పడదు. అందుకే ఆ ఆవిరి ఏళ్ల తరబడి అక్కడే తిరిగింది.

వానకు కొట్టుకుపోని వాయువుల సంగతి వేరు. యూరియా చల్లిన పొలాల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ వందేళ్లు దాటి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌కు ఇంత ఆయుష్షు అని ఒక్క అంకె చెప్పలేం. మనం అదనంగా వదిలిన దాంట్లో సగానికి పైగా వందేళ్లలో చెట్లూ సముద్రాలూ పీల్చుకున్నా, దాదాపు ఐదో వంతు వెయ్యేళ్ల తర్వాతా మిగిలే ఉంటుంది. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతంపై శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లున్న ఈ వాయువు 2024కు 424 దాటింది.

మీథేన్‌ది పుష్కరకాలం. ఈలోగా అది పట్టే వేడి మాత్రం ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు. దాన్ని తగ్గిస్తే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించిన మీథేన్ తగ్గింపు ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. వరి, పశువులు సన్నకారు రైతుల బతుకుతెరువు కాబట్టి ఆ జంకు సబబే. కానీ మడిలో నిరంతరం నీరు నిలవబెట్టకుండా, ఆరనిచ్చి మళ్లీ పెడితే మీథేన్ బాగా తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది గనుక యూరియా మోతాదుపైనా కన్నేయాలి.

ఇంత తెలిసినా కృష్ణా, గోదావరి డెల్టాల్లో శివారు భూముల రైతు మడి ఎందుకు ఆరబెడతాడు? మళ్లీ నీరు ఎప్పుడొస్తుందో నమ్మకం లేనప్పుడు ఉన్న నీటిని ఎవరూ వదులుకోరు. ప్రభుత్వాలు ముందు కాలువల వంతులు చెప్పిన తేదీకి నడిపించాలి. రైతుకు మీథేన్ పాఠాలు ఆ తర్వాత చెప్పవచ్చు.