పసుపు క్యాన్సర్‌ను తగ్గిస్తుందట, మరి పసుపు రైతు అప్పును?

పసుపు తింటే క్యాన్సర్ రాదని, వచ్చినా పోతుందని ఫోన్లలో తెగ తిప్పుతున్నారు. మందుల షాపులో కుర్కుమిన్ గోలీలు అమ్మేవాళ్లూ అదే ఆశ పెడుతున్నారు. ఆ గోలీలో ఉన్నది మన ఆర్మూరు పసుపో, దుగ్గిరాల పసుపో కావచ్చు. తొమ్మిది నెలలు సాకి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి యార్డుకు తెచ్చిన మనకు మాత్రం ఆ డబ్బా ధరతో సంబంధం లేదు.

మన పంటే అయినా ముందు నిజం చెప్పుకుందాం. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల ఎదుగుదలను కుర్కుమిన్ మందగింపజేస్తుంది. అది అబద్ధం కాదు. కానీ మనిషి మింగిన కుర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది బహు తక్కువ. చేరినదీ ఎక్కువసేపు నిలవదు. అది క్యాన్సర్‌ను నయం చేస్తుందని మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఇంతవరకు రుజువు కాలేదు. అలాగని మొక్కల నుంచి మందు రాదని కాదు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కు 1960ల నుంచి వాడుతున్నారు. దాన్ని శుద్ధి చేసి, మోతాదు తేల్చి, ఆసుపత్రిలో నరానికి ఎక్కిస్తారు. అదే మొక్క ఆకు నమిలితే విషం.

మా ఊళ్లో నోటి క్యాన్సర్ వచ్చిన ఒక చిన్న రైతు ఈ మాటలు నమ్మి నాలుగు నెలలు పసుపు ముద్దలు మింగాడు. ఆసుపత్రికి పోయేసరికి ముదిరింది. ఉన్న ఎకరం అమ్మారు, మనిషి దక్కలేదు. నమ్మించినవాడు పరామర్శకైనా రాలేదు.

పసుపుకు పుండు మాన్పే గుణం ఉందని 1995లో అమెరికా పేటెంటు ఇస్తే, మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. గుణం మనదని గెలిచాం, సంతోషమే. ధర సంగతి? 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 178 మంది రైతులం పోటీకి నిలబడ్డాం. 2025 జనవరిలో బోర్డు ప్రారంభించారు. పసుపుకు కేంద్రం మద్దతు ధర మాత్రం రాలేదు. బోర్డు పేరు పలక చూసి అప్పులవాడు ఆగుతాడా?

కుర్కుమిన్ తీసే కంపెనీలకు కావలసింది దాని శాతం. మన కుప్ప దగ్గరేమో వ్యాపారి కొమ్ము విరిచి, రంగు చూసి ధర వేస్తాడు. శాతం ఎంతో అమ్మే మనకే తెలియదు! అందుకే మేం అడిగేది: ప్రతి పసుపు యార్డులో కుర్కుమిన్ పరీక్ష జరగాలి, చీటీ వేలానికి ముందే రైతు చేతికి రావాలి, కేంద్రం మద్దతు ధర ప్రకటించాలి. ఈసారి తవ్వకాలు మొదలవకముందే మార్కెట్ కమిటీ ఆఫీసుల ముందు కూర్చుంటున్నాం. సభ్యులందరూ పోయినేడు అమ్మిన పసుపు తక్‌పట్టీలు వెంట తెచ్చుకోండి.