ఉన్న రక్తం ఎక్కడికి పోయింది?

నంద్యాల జిల్లా బనగానపల్లె నుంచి ఏడో తరగతి చదివే ఓ అమ్మాయి ఉత్తరం రాసింది. ‘బడిలో రక్తపరీక్ష చేశారు. 9 ఉంది, నీకు రక్తం తక్కువ అన్నారు. నాకు దెబ్బేమీ తగల్లేదు. మరి ఉన్న రక్తం ఎక్కడికి పోయింది?’ అని.

భలే అడిగావు తల్లీ! మా పెద్దవాళ్ల మాటలోనే ఉంది తిరకాసు. మీ ఈడు పిల్లల ఒంట్లో రెండు లీటర్లకు పైనే రక్తం ఉంటుంది. నీకూ దాదాపు అంతే ఉంటుంది. తగ్గింది అందులోని ఎరుపు.

రక్తంలో సగానికి పైగా లేత పసుపురంగు ద్రవమే. పేరు ప్లాస్మా. తిన్న తిండిలోని సారాన్ని ఒళ్లంతా చేరవేసేది అదే. మీ ఊరి నాపబండల మీద జారిపడి మోకాలు చీరుకుపోతే, పరుగున వచ్చి గండి పూడ్చేవి ప్లేట్‌లెట్లు. ఆ సందులో దూరిన క్రిముల పని పట్టేవి తెల్లకణాలు.

ఇక ఎర్రకణాలు. ఆవగింజంత చుక్కలో లక్షలకు లక్షలుంటాయి. ఒక్కోదాని ఆయుష్షు సుమారు 120 రోజులే. అందుకే ఎముకల్లోని మూలుగ రాత్రీపగలూ కొత్తవి తయారుచేస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లలో అయితే సెకనుకు 20 లక్షల దాకా! వీటిలోని హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకునేది ఆ ఇనుమే. నీకు చెప్పిన 9 అంటే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 9 గ్రాముల హిమోగ్లోబిన్ అన్నమాట. నీ వయసుకు కనీసం 12 ఉండాలి. ఇనుము చాలకపోతే కణాలు చిన్నవిగా, పాలిపోయి పుడతాయి. మెట్లెక్కితే ఆయాసం, పాఠం వింటుంటే కునుకు. పాపం, బద్ధకమని తిట్లు కూడా!

ఒక్కోసారి రక్తం నిజంగానే పోతుంది. చెప్పుల్లేకుండా తిరిగితే మట్టిలోంచి ఒంట్లో చేరే కొంకి పురుగులు పేగుల్ని పట్టుకుని రక్తం పీలుస్తాయి. బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చేది అందుకే. ఎదిగే అమ్మాయిలకు నెలసరిలోనూ కొంత పోతుంది.

వారానికోసారి ఇచ్చే నీలం మాత్రను కిటికీలోంచి విసిరేసే ఘనులున్నారని నాకు తెలుసు. అందులో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కొత్త కణాలు సరిగా తయారవాలంటే అది కావాలి. దాని వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక రక్తం పాలిపోయే జబ్బది. అమెరికా వెళ్లిన సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ‘ఆకు’ అని అర్థమొచ్చే లాటిన్ మాట నుంచి ఆ పేరు పుట్టింది. ఆకుకూరల్లో, పప్పుల్లో, మీరు బుడ్డలనే వేరుశనగల్లో అది దొరుకుతుంది. కూర ఉడికించిన నీళ్లు పారబోస్తే మాత్రం దాంతోపాటే పోతుంది.

ఎర్రగా ఉన్నవి తింటే రక్తం పడుతుందనుకోకు. భోజనంలో ఆకుకూర పప్పు, పైన నిమ్మరసమో, కాలమైతే మీ ఊరి బంగినపల్లి ముక్కలో ఉంటే, వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అన్నం తినగానే టీ తాగితే అది అడ్డుపడుతుంది.

9కి వారానికొక మాత్ర చాలదు. అమ్మను తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లు, డాక్టరు చెప్పినన్ని వేసుకో. విరేచనం నల్లగా అయితే కంగారుపడకు, అది మాత్రలోని ఇనుమే. మళ్లీ పరీక్ష చేశాక ఎంతొచ్చిందో నాకు రాయి.