ముప్పయ్యేళ్ళు నిండాయా?

స్త్రీల రక్షణ అనే మాట వినపడగానే మనలో చాలామందిమి ఎదురు ప్రశ్న వేయడం మానేస్తాం. గల్ఫ్ వలసల మీద జరిగే ప్రతి సెమినార్‌లోనూ ఇది చూస్తున్నాను. ఎవరో ఒకరు లేచి, ముప్పయ్యేళ్ళు నిండని ఆడవాళ్ళను పంపకూడదన్న నియమాన్ని ఇంకా గట్టిగా అమలు చేయాలంటారు. హాలంతా తలూపుతుంది. స్త్రీవాదులమని చెప్పుకునే మనమూ ఊపుతాం. ఈ తలూపుడు మీదే నా తగాదా.

ముందు నియమం సంగతి చూద్దాం. 1983 నాటి వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసైన వాళ్ళ పాస్‌పోర్టు మీద ఏ ముద్రా ఉండదు. పాసవని వాళ్ళ దాని మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. ఆ ముద్ర ఉన్నవాళ్ళు కువైట్, సౌదీ, ఒమన్, ఖతార్ వంటి 18 దేశాలకు పనికోసం వెళ్ళాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి అనుమతి తెచ్చుకోవాలి. అది లేకపోతే చేతిలో ఆ దేశపు వర్క్ వీసా ఉన్నా మన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ వాళ్ళు ఆపేస్తారు. మగవాడికి పద్దెనిమిది నిండితే అనుమతి దొరుకుతుంది. ఆడదానికి ముప్పయ్యి నిండాలి. 2016 ఆగస్టు నుంచి ఈ ఆడవాళ్ళను పంపే పని ప్రభుత్వ సంస్థలకే అప్పగించారు. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే.

ఈ చట్టంలో ఒక చిన్న వివరం ఉంది. మనవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోరు. గెజిటెడ్ ఉద్యోగుల భార్యలకూ, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళ భార్యలకూ పదో తరగతి లేకపోయినా ముద్ర పడదు. ఒక్క అక్షరం రాని స్త్రీ అయినా మొగుడు పన్ను కడితే చాలు, తన మంచిచెడ్డలు తెలిసినదైపోతుంది. తొమ్మిదో తరగతి దాకా చదివి, కూలి చేసి, ముగ్గురు పిల్లల్ని సాకిన స్త్రీకి మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చినా తెలియవు. పోనీ చదువుకుంటే విముక్తా? 2015లో నర్సులను కూడా ఈ అనుమతి కిందకు తెచ్చారు. వాళ్ళ పాస్‌పోర్టుల మీద ముద్ర లేదు, చేతిలో డిగ్రీలున్నాయి. రిక్రూట్‌మెంట్ ఏజెంట్లు వాళ్ళను దోచుకున్నారన్నది నిజం. దోచుకున్నది ఏజెంట్లయితే గడప దగ్గర నిలబెట్టి లెక్క అడిగింది నర్సులను.

నేను పాఠాలు చెప్పేది రాయచోటి ప్రాంతంలో. అమ్మ ఏం చేస్తుందని పిల్లల్ని అడిగితే “కువైట్లో ఉంది మేడమ్” అంటారు, పక్క వీధిలో ఉన్నంత మామూలుగా. కోనసీమలోనూ నరసాపురం వైపూ ఇదే జవాబు వినిపిస్తుంది. మా ఇంట్లో కొన్నాళ్ళు పనిచేసిన ఒకామె అలాగే బయల్దేరింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరు. మొగుడు బోరు వేసి చేసిన అప్పు నెత్తి మీద ఉంది. ఏజెంటు రెండు దారులు చెప్పాడు. పుట్టిన తేదీ మార్చి కొత్త కాగితాలు పుట్టించడం ఒకటి. చుట్టపుచూపు వీసా మీద ముందు మస్కట్ చేరి, అక్కడ పనిలో కుదరడం రెండోది. ఇ.సి.ఆర్. ముద్ర ఉన్నా, పనికి కాదు చూడ్డానికి పోతున్నానంటే అనుమతి అక్కర్లేదు కదా! ఆమె రెండో దారి పట్టింది. ఆమె పేరున ఒప్పందం లేదు, జీతం ఎంతో రాసుకున్న కాగితం లేదు, అనుమతితో పాటు వచ్చే బీమా లేదు. అయిదు నెలలు జీతం ఇవ్వకపోతే చుట్టాలు ఒక ఆఫీసుకి వెళ్ళి మొరపెట్టుకున్నారు. “ఆమె పనికి పోలేదు కదమ్మా, చూడ్డానికి పోయింది” అన్నారు అక్కడ.

రక్షణ నియమం చేసిన పని ఇదే. ఆమె ప్రయాణాన్ని ఆపలేదు. ఆమె పేరును రికార్డుల్లోంచి తీసేసింది, అంతే.

అటు గడప సంగతీ తక్కువేం కాదు. కువైట్‌లో ఇంటిపని ఆడవాళ్ళు దిగేది ‘20 నంబరు’ ఖాదిమ్ వీసా మీద. ఆ వీసా ఒక కఫీల్‌కి, అంటే ఒక ఇంటి యజమానికి, కట్టుబడి ఉంటుంది. 2015లో అక్కడ ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చేదాకా పని గంటలకు చట్టంలో లెక్కే లేదు. ఆ చట్టం రోజుకు 12 గంటల పరిమితి, వారానికో రోజు సెలవు అంది. పన్నెండు గంటలు పని చేయించుకోవడాన్ని హక్కుల కింద రాసుకున్న చట్టం అది! ఇక ప్రయాణానికి ముందే వైద్య పరీక్ష ఉంటుంది. గల్ఫ్ దేశాల నిబంధనల ప్రకారం గర్భవతి పనికి అనర్హురాలు. క్షయా, కామెర్లూ ఉన్న జాబితాలోనే గర్భాన్నీ చేర్చారు.

ఇదంతా ఎడారి దేశాల అనాగరికత అనుకునేవాళ్ళకు లండన్ గుర్తు చేస్తాను. 1979 జనవరిలో హీత్రో విమానాశ్రయంలో ముప్పయ్యయిదేళ్ళ భారతీయ ఉపాధ్యాయినికి కన్యత్వ పరీక్ష చేశారు. మూడు నెలల్లో పెళ్ళి చేసుకోవడానికి వచ్చే స్త్రీకి అప్పట్లో వీసా అక్కర్లేదు. పెళ్ళయి వచ్చే భార్య మాత్రం ముందే అనుమతి కోసం క్యూలో నిలబడాలి. ఈమె భార్యేమో, అబద్ధమాడుతోందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి కాగితాల బదులు ఆమె శరీరాన్ని తెరిచి చూశారు. గొడవయ్యాక ఆ పద్ధతి ఆపేశారు. భారతదేశంలోని బ్రిటిష్ కార్యాలయాల్లో కనీసం ఎనభైమందికి అలా చేశారని 2011లో వెలుగులోకి వచ్చిన వాళ్ళ ప్రభుత్వ పత్రాలే చెప్పాయి. అక్కడ అడిగింది “పెళ్ళయిందా?” అని, ఇక్కడ అడిగేది “ముప్పయ్యి నిండాయా?” అని. రెండూ ఆడదాని లైంగికత ఎవరి అదుపులో ఉందని అడిగే ప్రశ్నలే.

ఆ ‘ప్రొటెక్టర్’ అనే పదవికీ ఒక చరిత్ర ఉంది. మద్రాసు రేవు నుంచి మారిషస్‌కీ నటాల్‌కీ మన కూలీలను ఓడలకెక్కించిన కాలం నాటిది అది. అప్పట్లో నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండితీరాలని నిబంధన. చెరకు తోటలకు ఆడవాళ్ళ అవసరం ఉంది కాబట్టి ఎవరూ వయసు పట్టుకుని అడ్డుపడలేదు.

హింస లేదా అంటారు. ఉంది. కాలిన చేతులతో, పోయిన మతితో తిరిగొచ్చినవాళ్ళను చూశాను. కానీ కొట్టే యజమానురాలు వయసు అడిగి కొడుతుందా? ముప్పయ్యొక్కేళ్ళ దాన్ని కొట్టదా? భవనాల మీంచి పడి శవపేటికల్లో తిరిగొస్తున్న మన కుర్రాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళను ముప్పయ్యేళ్ళ దాకా ఇంట్లో కూర్చోబెట్టమని ఏ సెమినార్‌లోనూ ఎవరూ అనలేదు. వాళ్ళ విషయంలో జీతం, నష్టపరిహారం, కంపెనీ బాధ్యత అని మాట్లాడతాం. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి గడప మాట్లాడతాం. నేపాల్ 2012లో ముప్పయ్యేళ్ళ లోపు స్త్రీలను గల్ఫ్ ఇళ్ళలో పనికి పోనివ్వమంది. వాళ్ళు మన ఢిల్లీ మీదుగా పోయారు. 2021లో అక్కడే ఇంకో ప్రతిపాదన వచ్చింది. నలభై లోపు స్త్రీలు తొలిసారి పశ్చిమాసియాకో ఆఫ్రికాకో పోవాలంటే కుటుంబం అంగీకార పత్రం కావాలని. ఖాట్మండూ స్త్రీలు రోడ్డెక్కారు. మనం ఇక్కడ చప్పట్లు కొడుతున్నాం.

కావలసినవి వేరే ఉన్నాయి. వీసా ఏదైనా సరే, జీతం ఎగ్గొట్టారన్న ఫిర్యాదును మన రాయబార కార్యాలయం తీసుకోవాలి. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికను భారతదేశం ఇంతవరకూ ఆమోదించలేదు, ఆమోదించాలి. ఆమోదిస్తే మన ఇళ్ళలో అంట్లు తోమే వాళ్ళకూ వారానికో రోజు సెలవు ఇవ్వాల్సొస్తుంది. మన మౌనానికి అదీ ఒక కారణమేమో! వయసు నియమం పోవాలి. పెళ్ళికీ ఓటుకీ సరిపోయిన పద్దెనిమిదేళ్ళు పనికి ఎందుకు సరిపోవో ఎవరైనా నాకు చెప్పాలి.

అయిదు నెలల జీతం రాకుండానే తిరిగొచ్చిన ఆమెకు ఇప్పుడు ముప్పయ్యొకటి. సర్కారు లెక్కలో అర్హురాలు. మళ్ళీ పోతావా అని అడిగాను.

“ఆ వయసు అప్పుడు గావాల్సిండె మేడమ్. ఇప్పుడు నడుము పడిపాయె, ఏం జేసుకునేది?” అంది.